పద్యాలిచ్చి కోట తెచ్చుకున్నవాడు

అందరికీ నమస్కారం.

వెనక వరసల్లో కూర్చున్నవాళ్లకు సరిగా కనపడదని తెలుసు. అయినా దీంతోనే మొదలుపెడతాను. నా చేతిలో ఉన్నది ఒక అట్టముక్క. పేకముక్క కంటే కాస్త చిన్నది, మందం మాత్రం ఎక్కువ. బొమ్మ లేదు. పైనుంచి కిందికి పద్నాలుగు జపనీస్ అక్షరాలున్నాయి, అంతే. "అమానొ ఒబునెనొ, త్సునదె కనాషిమొ." జాలరి చిన్న పడవను లాగే తాడు చూస్తుంటే మనసు ఎలాగో అయిపోతోంది అని అర్థం. ఇది ఒక పద్యంలో చివరి భాగం. మొత్తం పద్యం ఇంకో ముక్క మీద ఉంటుంది. అది చదివేవాళ్ల దగ్గర ఉంటుంది.

జపాన్‌లో కొత్త సంవత్సరం రోజుల్లో ఆడే ఆట ఇది. వంద మంది కవులు, ఒక్కొక్కరిది ఒక్కో పద్యం. ఇలాంటి ముక్కలు చాప మీద పరిచి ఉంటాయి. ఒకరు పద్యం ఎత్తుకోగానే, దాని చివరి భాగం ఉన్న ముక్కను ఎవరు ముందు కొడితే వాళ్లది. బాగా ఆడేవాళ్లు మొదటి అక్షరం రెండో అక్షరం వినగానే కొట్టేస్తారు. బడిపిల్లలు వంద పద్యాలూ కంఠతా పట్టేస్తారు. ప్రతి జనవరిలో ఓత్సు ఊళ్లోని ఓమి జింగూ అనే గుడిలో జాతీయ పోటీలు జరుగుతాయి.

ఈ ముక్క 93వ పద్యానిది. కవి పేరు "కమకురా కుడి మంత్రి" అని రాస్తారు. కుడి మంత్రి అంటే చక్రవర్తి కొలువులో ఒక పెద్ద పదవి. ఆయన అసలు పేరు మినమొతొ నొ సనెతొమొ. కత్తి పట్టినవాళ్ల ప్రభుత్వానికి అధిపతి, కమకురా షోగన్లలో మూడోవాడు. కానీ పద్యం పక్కన షోగన్ అని రాయలేదు, మంత్రి అని రాశారు. ఆ మంత్రి పదవి వచ్చినందుకు గుడికి వెళ్లి మొక్కు తీర్చుకుని బయటికి వస్తుండగానే ఆయన్ను నరికేశారు. ఆ కథకు తర్వాత వస్తాను.

కవులు, రాజులు అనగానే మనకు ఒక బొమ్మ కళ్లముందు కనపడుతుంది. సింహాసనం మీద రాజు, కింద కవి, ఒక పద్యం, ఒక పల్లకి, నాలుగు అగ్రహారాలు. జపాన్ మధ్యయుగాల గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు నేనూ ఆ బొమ్మతోనే మొదలుపెట్టాను. చదివేకొద్దీ అది చెదిరిపోయింది. అక్కడ పద్యం అంటే ఆస్తి. నిజంగానే ఆస్తి, ఉపమానానికి అంటున్న మాట కాదు. పొలంలాగా తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. దాయాదులు దాని మీద కోర్టుకెక్కారు. పద్యాలిచ్చి పోయిన కోటను తెచ్చుకున్నవాడున్నాడు. ఒక పద్యాల పుస్తకం అర్థం పోతుందేమోనని యుద్ధం ఆపించిన చక్రవర్తీ ఉన్నాడు.

ముందు పద్యం సంగతి చెప్పాలి. వాళ్ల పద్యం చాలా చిన్నది. 5, 7, 5, 7, 7, మొత్తం 31 అక్షరాలు. యతి లేదు, ప్రాస లేదు, గణాలు లేవు. పదిమందీ మెచ్చిన పద్యాలను చక్రవర్తి ఆజ్ఞతో సంకలనాలుగా కూర్చేవాళ్లు. మొదటిది 905లో మొదలైన కొకిన్‌షూ, దాదాపు 1,100 పద్యాలు. చివరిది 1439లో. ఈ ఐదు వందల ఏళ్లలో మొత్తం 21 సంకలనాలే వచ్చాయి. వాటిలో ఒక్క పద్యం ఉంటే చాలు, ఆ మనిషి పేరు వంశం ఉన్నంతకాలం ఉంటుంది. దాని కోసం ఎంత తపించేవాళ్లో ఒక్క సంఘటన చెప్తే తెలుస్తుంది.

1183లో తైరా వంశం రాజధాని క్యోటో వదిలి పారిపోతోంది. వెనక శత్రుసైన్యం వస్తోంది. ఇళ్లకు వాళ్లే నిప్పు పెట్టుకుని కదిలారు. ఆ వంశంలో తదనొరి అనే సేనాపతి సగం దారి వెళ్లి గుర్రం వెనక్కి తిప్పాడు. రాత్రిపూట వచ్చి ఫుజివారా నొ షున్‌జే ఇంటి తలుపు తట్టాడు. షున్‌జే ఆ కాలానికి కవుల్లో పెద్దదిక్కు, కొత్త సంకలనం ఆయన చేతుల్లో ఉంది. పారిపోతున్నవాళ్లు వెనక్కొచ్చారని ఇంట్లోవాళ్లు హడలిపోయారు. తదనొరి కవచంలోంచి ఒక కాగితపు చుట్ట తీసి ఇచ్చాడు, అందులో వంద దాకా పద్యాలు. వీటిలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, సంకలనంలో చేర్చండి అని అడిగి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు ఇచినొతాని యుద్ధంలో చనిపోయాడు. చంపినవాడికి తను ఎవర్ని చంపాడో తెలియదు. అమ్ములపొదికి కట్టిన కాగితం విప్పి, అందులో పద్యం కింద సంతకం చదివాక తెలిసింది.

షున్‌జే మాట నిలబెట్టుకున్నాడు. పాడుబడిన పాత రాజధానిలో ఇంకా పూస్తున్న కొండ చెర్రీల మీద పద్యం ఒకటి చేర్చాడు. కానీ తైరా వాళ్లు అప్పటికి రాజద్రోహులు. అందుకని కవి పేరు దగ్గర "ఎవరు రాశారో తెలియదు" అని పెట్టాడు. ఈ కథ ఎనిమిది వందల ఏళ్లుగా జపాన్‌లో చెప్పుకుంటున్నారు. విన్నవాళ్లందరికీ ఆ కవి ఎవరో తెలుసు.

తైరా వాళ్లను ఓడించిన మినమొతొ నొ యొరితొమొ క్యోటోకు రాలేదు. దూరంగా తూర్పున సముద్రం ఒడ్డున కమకురాలో కూర్చున్నాడు. నడిచి వెళ్తే రెండు వారాల దారి. 1185లో ఊళ్ల మీద తన మనుషుల్ని పెట్టుకునే హక్కు చక్రవర్తి కొలువు నుంచి రాయించుకున్నాడు. ఈ మనుషుల్ని జితొ అంటారు. నా మాటలో ఇకమీద అన్నిటికీ ఇదే కీలకం, కాబట్టి కాస్త గుర్తుపెట్టుకోండి. క్యోటో కవుల్లో చాలామంది ప్రభువులే, వాళ్ల బతుకు దూరదూరాన ఉన్న పొలాల రాబడి మీద. ఇప్పుడు ఆ పొలం గట్టు మీద ఒక జితొ కూర్చున్నాడు, కత్తితో. పంటలో వాటా తీసుకుంటాడు, పోనుపోను ఇంకాస్త తీసుకుంటాడు. క్యోటోలో కవి పద్యం రాసుకుంటూ ఉంటాడు, గింజలు రావు.

షున్‌జే కొడుకు తేకా ఈ కాలపు మనిషి. జపాన్ కవిత్వానికి ఇప్పటికీ తేకాయే కొలబద్ద. ఆయన యాభై ఏళ్లకు పైగా రాసిన డైరీ ఉంది. 1180 నాటి పుటలో ఒక మాట రాశాడు: ఎర్ర జెండాలూ, దండయాత్రలూ నాకు సంబంధించిన పని కాదు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా లేవు. కుర్రతనంలో అనుకోవడానికి బాగుంటుంది. కానీ అదే డైరీలో తర్వాత చూడండి, పదవి రాలేదని బాధ, ఒంట్లో నలత, ఊళ్ల నుంచి రాబడి రాలేదని దిగులు. ఎర్ర జెండాలకు ఆయనతో చాలా పని పడింది.

ఇప్పుడు సనెతొమొ దగ్గరికి వద్దాం. యొరితొమొ రెండో కొడుకు, 1192లో పుట్టాడు. 1203లో, మన లెక్కన పదకొండేళ్లకు షోగన్ అయ్యాడు. అన్నను పదవిలోంచి దించి ఇతన్ని ఎక్కించారు, ఆ అన్నను మరుసటి ఏడు చంపేశారు. అధికారమంతా తల్లి తరఫు హోజో వాళ్ల చేతిలో ఉంది. ఈ పిల్లాడికి పద్యాల పిచ్చి పట్టుకుంది. 1209లో తన పద్యాలు ముప్ఫై ఏరి తేకాకు పంపాడు, దిద్ది పెట్టమని. అధికారంలో షోగన్ పైన ఉన్నాడు, పద్యంలో తేకా పైన ఉన్నాడు. తేకా మార్కులు వేసి తిప్పి పంపుతూ పద్యం ఎలా రాయాలో ఒక చిన్న గ్రంథం రాసి జతచేశాడు. ఉత్తరాల మీద నడిచిన గురుశిష్య సంబంధం ఇది. వాళ్లిద్దరూ ఎదురుపడింది లేదు.

1213లో తేకా ఇంకా పెద్ద కానుక పంపాడు. మన్యోషూ అనే అతి పాత పద్యాల సంపుటం, తన ఇంట్లో తరతరాలుగా ఉన్న ప్రతి. ఇంతకంటే విలువైనది ఏముంటుందని సనెతొమొ పొంగిపోయాడు. కమకురా ప్రభుత్వ చరిత్ర ఈ విషయం రాస్తూ, అదే చోట ఇంకొకటి కూడా రాసింది. ఇసె ప్రాంతంలో తేకాకు ఒక భూమి ఉంది. అక్కడి జితొ అన్యాయాలు చేస్తున్నాడని తేకా ఎప్పటినుంచో మొరపెట్టుకుంటున్నాడు. ఈ సందర్భంలోనే ఆ జితొ ఆగడాలకు అడ్డుకట్ట పడింది. పుస్తకం ఇటు వచ్చింది, పొలం అటు దక్కింది. ఇది చదివి తేకాను తక్కువ చేయకండి. నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది. తన దగ్గర ఉన్నదాని విలువ ఆయనకు తెలుసు, తీసుకున్నవాడికీ తెలుసు.

అదే ఏడాది కమకురాలో ఒక యోధుడు నోరు తెరిచి అనేశాడు. నగనుమా మునెమసా అతని పేరు. ఒక మనిషిని ప్రాణాలతో పట్టుకు రమ్మంటే తల నరికి తెచ్చాడు. సనెతొమొ బాధపడి మందలించాడు. దానికి అతను మండిపడి, ఈ షోగన్ గారికి పద్యాలూ బంతాటా వృత్తి అయిపోయాయి, యుద్ధవిద్య మూలపడింది అన్నాడు. సాటి యోధుల్లో చాలామంది మనసులో ఉన్న మాటే అయ్యుంటుంది.

కానీ సనెతొమొ పద్యాలు చదివితే ఆ మాట అన్యాయం అనిపిస్తుంది. ఒక పద్యం చూడండి. వేటకు వచ్చిన యోధుడు వీపు మీది బాణాలు సర్దుకోవడానికి చెయ్యి పైకెత్తాడు. ఆ చేతి కవచం మీద వడగళ్లు పడి టపటపా ఎగిరిపోతున్నాయి. నాసు వెదురు మైదానంలో. అంతే పద్యం. క్యోటోలో తెర వెనక కూర్చుని చంద్రుణ్ని చూసే ప్రభువుకు ఈ పద్యం రాదు. లోహం మీద వడగల్లు చప్పుడు దగ్గర్నుంచి విన్న చెవి ఉండాలి.

ఇంకో పద్యం నాకు మరీ ఇష్టం. 1211లో వానలు ఆగకుండా కురిసి వరదలొచ్చాయి. సనెతొమొ ఒక్కడే బుద్ధుడి ముందు కూర్చుని రాసుకున్నాడు. కాలాన్ని బట్టి, హద్దు మీరితే వాన కూడా జనానికి ఏడుపే, ఎనిమిది మంది నాగరాజుల్లారా, వాన ఆపండి. ఈ ఎనిమిది మంది ఎవరనుకున్నారు? మన వాసుకి, తక్షకుడు కూడా వాళ్లలో ఉన్నారు. బౌద్ధంతో పాటు చైనా మీదుగా అంత దూరం వెళ్లి వానదేవుళ్లుగా కూర్చున్నారు. వానలు కురిపించమని నాగరాజులను వేడుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఆపమని, అదీ జనం కోసం, ఒక పాలకుడు దాదాపు గదమాయించినట్టు అడగడం నేను ఇంకెక్కడా చూడలేదు. అప్పుడు అతనికి ఇరవై ఏళ్లు నిండలేదు.

1219 మొదటి నెల 27. కుడి మంత్రి పదవి వచ్చినందుకు కమకురాలోని హచిమాన్ గుడిలో వేడుక. రెండడుగుల పైన మంచు పడింది. బయల్దేరే ముందు తల దువ్వుతున్న సేవకుడికి సనెతొమొ తన వెంట్రుక ఒకటి పీకి ఇచ్చాడట, గుర్తుగా ఉంచుకొమ్మని. పెరట్లో ప్లమ్ జాతి చెట్టును చూసి, నేను వెళ్లాక ఈ ఇల్లు యజమాని లేనిదైనా, చూరు పక్కన ఉన్న చెట్టా, వసంతాన్ని మరిచిపోకు అని పద్యం చెప్పాడట. ఈ పద్యం తర్వాతెవరో కట్టిందని అనుమానించే పండితులు ఉన్నారు. రాత్రి వేడుక ముగిసి గుడి మెట్లు దిగుతుంటే, చంపేసిన అన్న కొడుకు కుగ్యో మీద పడి నరికేశాడు. తల పట్టుకుపోయాడు. మరునాడు అంత్యక్రియలకు తల దొరకలేదు. సేవకుడి దగ్గర ఉన్న ఆ వెంట్రుకనే తలకు బదులు పెట్టి పూడ్చారు. ఆయనకు నిండా ఇరవై ఏడేళ్లు లేవు.

రెండేళ్లకే, 1221లో, మాజీ చక్రవర్తి గోతోబా కమకురా మీద యుద్ధం ప్రకటించి నెల తిరిగేలోపు ఓడిపోయాడు. ఆయన కూడా గొప్ప కవి, తేకాను పైకి తెచ్చినవాడు, చివరికి తేకాతో గొడవపడి కవిగోష్ఠులకు రావద్దన్నవాడు. ఓకి దీవికి పంపేశారు. 18 ఏళ్లు అక్కడే ఉండి 1239లో పోయాడు. ఆ దీవిలో కూడా పద్యాల సంకలనాన్ని మళ్లీ మళ్లీ దిద్దుకుంటూనే ఉన్నాడు.

ఇక ఈ అట్టముక్క ఎలా పుట్టిందో చెప్తాను. తేకా కొడుకు తమెయియె ఒక యోధుడి కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. ఆ మామగారు ఉత్సునొమియా యొరిత్సునా, కమకురా సేనల్లో పెద్దవాడు, తర్వాత సన్యాసం తీసుకున్నాడు. 1235లో ఆయన వియ్యంకుణ్ని ఒక సాయం అడిగాడు. క్యోటో పక్కన సగాలో ఉన్న తన ఇంటి తలుపు తెరల మీద అంటించుకోవడానికి పాతకాలం నుంచి ఇప్పటిదాకా ఒక్కో కవిది ఒక్కో పద్యం స్వహస్తంతో రాసివ్వమన్నాడు. ఇవాళ జపాన్‌లో అందరికీ తెలిసిన వంద పద్యాలకు మూలం అదే. ఒక సైనికుడి ఇంటి తలుపులకు కాగితాలు. అందులో కమకురా కుడి మంత్రి ఉన్నాడు. ఇప్పుడు మన ముందున్న వరసలో చివర్న గోతోబా, ఆయన కొడుకు కూడా ఉన్నారు.

తేకా మనవల దగ్గరికి వచ్చేసరికి ఆస్తి తగాదా మొదలైంది. తమెయియె ముసలితనంలో అబుత్సు అనే కవయిత్రిని చేసుకున్నాడు. హరిమా ప్రాంతంలో హొసొకవా అనే భూమిని ముందు పెద్దకొడుకు తమెఉజికి రాశాడు, తర్వాత మనసు మార్చుకుని అబుత్సు కొడుకు తమెసుకెకు రాశాడు. వీలునామాతో పాటు పద్యాల పుస్తకాలూ ఉన్నాయి. పుస్తకాలు ఎవరి దగ్గరుంటే తేకా వారసత్వం వాళ్లది, రేపు సంకలనం కూర్చే పని వాళ్లది. తండ్రి పోయాక పెద్దవాడు భూమి వదల్లేదు. క్యోటో కొలువు పద్ధతిలో అబుత్సుకు న్యాయం జరగలేదు. కానీ యోధులు 1232లో రాసుకున్న చట్టంలో ఒక మాట ఉంది: తండ్రి ఒక బిడ్డకు ఇచ్చింది వెనక్కి తీసుకుని ఇంకో బిడ్డకు ఇవ్వచ్చు. ఆ ఒక్క మాటను నమ్ముకుని 1279లో ఆ తల్లి క్యోటో వదిలి కమకురాకు బయల్దేరింది. నెలలో 16న కదిలి 29న చేరింది. దారిలో ప్రతి మజిలీలోనూ పద్యం రాసింది. తీర్పు చూడకుండానే కొన్నేళ్లకు పోయింది. చివరి తీర్పు 1313లో, ఆమె కొడుకు పక్షాన. కోర్టు కేసులు తరాలు తినేస్తాయని మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ తమెసుకె వంశమే రేజే ఇల్లు. ఇప్పటికీ క్యోటోలో ఉంది. తేకా స్వహస్తంతో రాసిన డైరీ వాళ్ల గిడ్డంగిలోనే భద్రంగా ఉంది.

తర్వాతి శతాబ్దంలో అషికగా షోగన్లు క్యోటోలోనే కాపురం పెట్టారు. చివరి నాలుగు సంకలనాలూ షోగన్ కోరితేనే కదిలాయి, ఆజ్ఞ మాత్రం చక్రవర్తి పేరుతోనే. 22వది మొదలుపెట్టారు. 1467లో ఓనిన్ యుద్ధం వచ్చి క్యోటో తగలబడింది, ఆ పనీ అక్కడే ఆగిపోయింది.

ఆ యుద్ధంలోనే తోనొ త్సునెయొరి కథ. మినో ప్రాంతంలో గుజో కొండల్లో చిన్న ప్రభువు, తేకా సంప్రదాయంలో పద్యం నేర్చినవాడు. షోగన్ పని మీద తూర్పుకు వెళ్లి ఉండగా, 1468లో సైతో మ్యోచిన్ అనే సేనాపతి అతని కోట పట్టేసుకున్నాడు. త్సునెయొరి దూరంలోనే ఉండి బాధతో పద్యం రాశాడు. అది చేతులు మారి మారి మ్యోచిన్ చెవిన పడింది. మ్యోచిన్ కూడా పద్యాల మనిషే. నాకు పద్యాలు రాసి పంపితే కోట ఇచ్చేస్తానన్నాడు. త్సునెయొరి పది పద్యాలు పంపాడు. 1469లో కోట తిరిగొచ్చింది. రక్తం ఏరులై పారుతున్న ఏళ్లవి. అందుకే ఈ కథ నన్ను వదలదు.

ఈ త్సునెయొరి 1471లో సోగి అనే కవికి కొకిన్‌షూ రహస్యాలు అప్పగించాడు. రహస్యాలంటే ఏంటి? అందులోని కష్టమైన మాటల అర్థాలు. ఉదాహరణకు మూడు పక్షుల పేర్లు వస్తాయి, అవి ఏ పక్షులో ఎవరికీ తేలదు. గురువు ఆ అర్థాన్ని కాగితపు ముక్క మీద రాసి, ప్రమాణం చేయించుకుని శిష్యుడికి ఇస్తాడు. ఒక పక్షి పేరుకు ఇంత తతంగమా అనిపిస్తుంది. కానీ అంతా కాలిపోతున్న కాలంలో, ఇదొక్కటి చెయ్యి నుంచి చేతికి అందిస్తూ, పోకుండా చూసుకున్నారు.

1600 నాటికి ఆ రహస్యాలు పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కడే మిగిలాడు. హొసొకవా యూసై, అరవై దాటిన యోధుడు. దేశం రెండుగా చీలింది. కొడుకు తదఒకి సైన్యమంతా తీసుకుని, ఒక పక్షానికి నాయకుడైన తొకుగావా ఇయెయసు వెంట తూర్పుకు వెళ్లాడు. తంగోలో తనబె కోటలో ముసలాయన దగ్గర మిగిలింది ఐదు వందల మంది. శత్రువులు పదిహేను వేల మందితో చుట్టుముట్టారు. ముట్టడించినవాళ్లలో ఆయన దగ్గర పద్యం నేర్చుకున్నవాళ్లు ఉన్నారని, గుండు పెట్టకుండా తుపాకులు పేల్చారని చెప్పుకుంటారు.

క్యోటోలో టెన్షన్ మొదలైంది, కోట గురించి కాదు. యూసై దగ్గర నేర్చుకుంటున్న చక్రవర్తి తమ్ముడు తొషిహితొ మనిషిని పంపాడు, సంధి చేసుకుని బయటికి రమ్మని. యూసై రానన్నాడు. యోధుడు కోట వదలకూడదు. బదులుగా రహస్యాలున్న పెట్టె పంపాడు, మీద ఒక పద్యం: అప్పుడూ ఇప్పుడూ మారని లోకంలో, మనసు విత్తనాన్ని మిగిల్చేది మాట అనే ఆకు. జపనీస్‌లో మాటకు ఉన్న పాత పేరులోనే ఆకు అనే అర్థం ఉంది. కొకిన్‌షూ ముందుమాట కూడా మనసు విత్తనం, మాటలు ఆకులు అనే మొదలవుతుంది. మొదటి సంకలనంలోని మొదటి మాటను తీసుకుని ముట్టడిలోంచి తిప్పి పంపాడు ఆయన.

ఆ పద్యం తర్వాత చక్రవర్తి గోయోజే ఆగలేదు. రాజదూతలు వెళ్లారు, అటువైపు సేనాపతులకూ ఆజ్ఞ పోయింది. దాదాపు యాభై రోజుల ముట్టడి తర్వాత తొమ్మిదో నెల నడిమికి రెండు మూడు రోజుల ముందు యూసై కోట అప్పగించి బయటికి వచ్చాడు. తొమ్మిదో నెల 15న సెకిగహరా యుద్ధంలో తేలిపోయింది, జపాన్ తర్వాతి రెండున్నర శతాబ్దాలు ఎవరివో. తనబె చుట్టూ కూర్చున్న ఆ పదిహేను వేల మంది అక్కడికి అందుకోలేకపోయారు. ఇయెయసు గెలిచాడు.

యూసై తర్వాత పదేళ్లు బతికాడు. రహస్యాలు తొషిహితొకు, ఆయన నుంచి చక్రవర్తి గోమిజునోకు వెళ్లాయి. యోధుల చేతుల్లో తిరిగి తిరిగి రాజాస్థానానికే చేరాయి. యూసై తొషిహితొకు పాఠం చెప్పిన గది ఇప్పటికీ ఉంది. హొసొకవా వంశం తర్వాత ఏలిన కుమమొతొకు 1912లో తరలించి, సుయిజెంజి తోటలో చెరువు ఒడ్డున మళ్లీ కట్టారు. గడ్డి కప్పు, ముందు వసారా. అక్కడ కూర్చుంటే పచ్చటి టీ గిన్నె తెచ్చి పెడతారు, ఎదురుగా నీళ్లు.